ఫోర్టిఫైడ్ వైన్: వంటలో, విందులో

పులుస్తున్న ద్రాక్షరసంలోనో, పులిసి వైన్‌గా మారిన తర్వాతో, ద్రాక్ష నుంచే బట్టీ పెట్టి తీసిన సారాయిని కలిపి మద్యం పాలు 15 నుంచి 22 శాతం దాకా పెంచిన పానీయాన్ని ఫోర్టిఫైడ్ వైన్ అంటారు. పోర్చుగల్ వారి పోర్ట్, మదీరా, స్పెయిన్ వారి షెర్రీ, సిసిలీ దీవిలోని మార్సాలా, ఫ్రాన్స్ దక్షిణ తీరపు బన్యూల్స్, మూలికలు నానబెట్టి చేసే వెర్మూత్ ఈ కుటుంబంలో పేరున్నవి. తెలుగు ఊళ్లలో ‘వైన్స్’ అన్న బోర్డు కింద బ్రాందీ, విస్కీలే ఎక్కువగా అమ్ముతారు కాబట్టి ఒక మాట ముందే చెప్పుకోవాలి. ఈ వ్యాసంలో వైన్ అంటే ద్రాక్షరసం పులిస్తే వచ్చేది మాత్రమే. ద్రాక్షారిష్టం వంటి ఆయుర్వేద ఔషధాల్లోనూ పులియడం వల్ల మద్యం పుడుతుంది గానీ, వాటిలో బయటి సారాయి కలపరు. కనుక అవి ఈ కోవలోకి రావు.

మామూలు వైన్‌కు ముగ్గురు శత్రువులు: గాలి, వేడి, కాలం. మూత తీసిన సీసా నాలుగు రోజులు బయట ఉంటే అందులోని పండ్ల వాసన పోయి పులుపే మిగులుతుంది. ఫోర్టిఫైడ్ వైన్‌లలో చాలావాటిని మాత్రం కావాలనే ఆ మూడింటికీ అప్పగించి తయారుచేస్తారు. పీపాలో ఏళ్లతరబడి గాలి పీల్చి, కొన్నయితే నెలల తరబడి వేడిలో కాగి సీసాలోకి వస్తాయి. అన్ని పరీక్షలు దాటి వచ్చిన ఈ వైన్ పొయ్యి మీద కొత్తగా పోగొట్టుకునేది చాలా తక్కువ. యూరప్ వంటశాలల్లో పోపుల డబ్బా పక్కన పెట్టుకోదగ్గ సరుకుగా దీనికి స్థానం దక్కడానికి అసలు కారణం ఇదే. మద్యం ఎక్కువ కావడం అంత ముఖ్యమైన కారణం కాదు.

సారాయి కలిపే వేళ

ద్రాక్షరసంలోని చక్కెరను ఈస్ట్ తిని మద్యంగా మారుస్తుంది. మద్యం 16, 17 శాతం దాటితే చాలా రకాల ఈస్ట్ బతకలేదు. అంటే సారాయిని ఎప్పుడు పోశారన్నదే ఆ వైన్ తీపిదో కాదో నిర్ణయిస్తుంది. పులియడం సగంలో ఉండగా పోస్తే ఈస్ట్ చచ్చి, తినకుండా మిగిలిన చక్కెర వైన్‌లోనే ఉండిపోతుంది. పోర్ట్, బన్యూల్స్ ఇలా వచ్చినవే. పులియడం పూర్తయ్యాక పోస్తే తీపి లేని వైన్ వస్తుంది. షెర్రీ రకాల్లో ఎక్కువ భాగం అలాంటివి. మొదటి పద్ధతిని 13వ శతాబ్దం చివరలో మాంపెల్లియే విశ్వవిద్యాలయంలో వైద్యం బోధించిన ఆర్నో ద విల్‌నోవ్‌ పేరుతో ముడిపెడతారు.

ఉత్తర పోర్చుగల్‌లోని డోరో నది లోయలో పోర్ట్ కోసం ద్రాక్షను రాతి తొట్లలో కాళ్లతో తొక్కే ఆచారం కొన్నిచోట్ల ఇప్పటికీ ఉంది. రెండు మూడు రోజులు పులిశాక, చక్కెరలో దాదాపు సగం మిగిలి ఉండగానే 77 శాతం మద్యం ఉన్న ద్రాక్ష సారాయిని పోస్తారు. చివరికి లీటరుకు 100 గ్రాములకు అటూ ఇటూగా చక్కెర, 20 శాతం దగ్గర మద్యం నిలుస్తాయి. పీపాలో కొద్దికాలమే ఉంచి, పండు రంగు, పండు రుచి పోకుండా సీసాకెత్తేది రూబీ. పీపాలోనే 10, 20, 30, 40 ఏళ్లు మగ్గి ఎరుపు తగ్గి తేనె రంగుకు తిరిగేది టానీ. గొప్ప పంట వచ్చిన ఏడాది వైన్‌ను రెండు మూడేళ్లకే సీసాకెత్తి, ఆ తర్వాత దశాబ్దాల పాటు సీసాలోనే పండనిచ్చేది వింటేజ్.

షెర్రీ కథ వేరు. స్పెయిన్ దక్షిణాన హెరెస్, సాన్‌లూకర్, ఎల్ ప్యుర్తో అనే మూడు ఊళ్ల మధ్య తెల్లటి సున్నపు నేలల్లో పండే పలొమీనో ద్రాక్ష దీనికి మూలం. హెరెస్‌కు అరబ్బులు పెట్టిన ‘షరీష్’ అన్న పేరే ఇంగ్లిషు నోట షెర్రీ అయింది. పులియడం పూర్తయిన వైన్‌కు సారాయి పోసి 15 శాతానికి తెస్తే, పీపాలో ఖాళీ వదిలిన చోట పాల మీద మీగడ కట్టినట్టు ఈస్ట్ పొర ఒకటి కడుతుంది. దాన్ని ఫ్లోర్ అంటారు, స్పానిష్‌లో పువ్వు అని అర్థం. ఆ పొర కింద గాలి తగలకుండా, తీపి లేకుండా, లేత పసుపు రంగులో పెరిగేది ఫీనో. అదే వైన్‌ను 17 శాతం దాటిస్తే పొర కట్టదు. గాలి నేరుగా తగిలి నల్లబారి, అక్రోటు వాసనతో ఒలరోసో అవుతుంది. కొన్నేళ్లు పొర కింద, కొన్నేళ్లు గాలిలో గడిపేది అమాంతియాడో. రెండు శాతం సారాయి తేడా ఒకే వైన్‌ను రెండు వేర్వేరు వంటసరుకులుగా మార్చేస్తుంది. ఇక పేద్రో హిమేనెస్ అనే ద్రాక్షను ఎండలో చాపల మీద ఆరబోసి, ఎండుద్రాక్ష అయ్యేదాకా ఉంచి పిండే వైన్‌లో లీటరుకు 400 గ్రాముల చక్కెర దాకా ఉండవచ్చు. అది గరిటె నుంచి తీగసాగుతూ జారుతుంది.

ఓడల మీద పుట్టిన రుచి

ఈ వైన్‌లను లోకానికి అందించింది సముద్ర వ్యాపారం. ఫ్రాన్స్‌తో పోరులో ఉన్న ఇంగ్లండ్ 1703లో పోర్చుగల్‌తో మెథ్యూయెన్ ఒడంబడిక చేసుకుని ఆ దేశపు వైన్‌కు సుంకం తగ్గించింది. కల్తీలు పెరగడంతో 1756లో పోర్చుగల్ మంత్రి మార్కిస్ ద పొంబాల్ డోరో లోయ వైన్ భూములకు హద్దులు గీయించాడు. చట్టం ద్వారా హద్దులు గీసిన తొలితరం వైన్ ప్రాంతాల్లో అదొకటి. అంతకుముందే 1587లో ఇంగ్లిషు నావికుడు ఫ్రాన్సిస్ డ్రేక్ స్పెయిన్‌లోని కాదిస్ రేవు మీద దాడి చేసి ఎత్తుకెళ్లిన సరుకులో షెర్రీ పీపాలు వేలల్లో ఉన్నాయి. ఇంగ్లండ్‌లో షెర్రీ పేరు మోగడానికి ఆ దోపిడీ కూడా తోడ్పడింది.

అన్నిటికన్నా మదీరా చరిత్ర భారతదేశానికి దగ్గరది. ఆఫ్రికా వాయవ్య తీరానికి ఎదురుగా అట్లాంటిక్ సముద్రంలో ఉన్న పోర్చుగీసు దీవి ఇది. అమెరికాకూ ఇండియాకూ వెళ్లే ఓడలు నీళ్లకూ సరుకులకూ అక్కడ ఆగేవి. చెడిపోకుండా సారాయి పోసి ఎక్కించిన వైన్ పీపాలు ఓడ అడుగు అరల్లో భూమధ్యరేఖ వేడికి నెలల తరబడి ఉడికేవి. చెడిపోవాల్సింది పోయి రుచి పెరిగినట్టు వ్యాపారులు కనిపెట్టారు. అమ్ముడుపోక ఇండియా నుంచి తిరిగొచ్చిన పీపాలకు మరింత ధర పలికింది. దాంతో వైన్‌ను ఊరికే ఓడలో తిప్పి తెచ్చే పద్ధతి మొదలైంది. అలాంటిదాన్ని ‘వీన్యో ద రోదా’, అంటే చుట్టి వచ్చిన వైన్, అని పిలిచారు. మద్రాసు, కలకత్తాల్లోని ఈస్టిండియా కంపెనీ ఉద్యోగుల భోజనాల బల్లల మీద మదీరా చాలాకాలం రోజువారీ పానీయంగా ఉంది. ఈ రోజు ఓడలు తిప్పరు. మామూలు రకాన్ని తొట్లలో 45 నుంచి 50 డిగ్రీల వేడిలో కనీసం మూడు నెలలు ఉంచుతారు. మేలు రకాన్ని ఎండ తగిలే అటకల మీద పీపాల్లో ఏళ్లతరబడి వదిలేస్తారు.

పాత మదీరా మూత తీస్తే వచ్చే వాసనల్లో ఒకటి తెలుగువారికి బాగా పరిచయమైనది. సోటొలాన్ అనే పదార్థం మెంతులకు వాటి ప్రత్యేకమైన వాసననిస్తుంది. గాలి, వేడి తగిలి పాతబడిన మదీరా, షెర్రీ, ఫ్రాన్స్‌లోని రివ్‌సాల్త్ వైన్‌లలో అదే పదార్థం పుడుతుంది. లీటరులో అతి స్వల్పంగా ఉన్నా ముక్కు పట్టేస్తుంది. మాగాయ జాడీ మూత తీసినప్పుడు మెంతిపిండి, ఎండ, పులుపు కలిసి గుప్పుమంటాయే, ఆ కోవకు చెందిన వాసన ఇది. వైన్‌ను మాంసం పులుసులో పోసినప్పుడు ‘ఇదేమిటో తెలియదు గానీ లోతుగా ఉంది’ అనిపించే గుణంలో దీని వాటా పెద్దది. వంటకు మామూలు ఎర్ర వైన్ ఒక సీసా పోసినా రాని లోతు నాలుగు చెంచాల మదీరాతో రావడానికి ఇదొక కారణం.

మార్సాలా: వంటింటి వైన్

తెలుగు చెవికి మసాలాలా వినిపించినా ఈ పేరుకు ఆ మాటతో చుట్టరికం లేదు. సిసిలీ పడమటి కొసన ఉన్న రేవు పట్టణం పేరు మార్సాలా. అరబ్బీలో రేవు అని అర్థమిచ్చే ‘మర్సా’ అందులో ఉంది. 1773లో జాన్ వుడ్‌హౌస్ అనే ఇంగ్లిషు వ్యాపారి అక్కడి వైన్‌కు సారాయి కలిపి ఓడలో ఇంగ్లండ్ పంపాడు. 1800లో ఇంగ్లిషు నౌకా సేనాని నెల్సన్ తన నౌకాదళానికి దాన్ని తెప్పించుకోవడంతో వ్యాపారం నిలదొక్కుకుంది. 1833లో విన్చెంజో ఫ్లోరియో రంగంలోకి దిగాడు, ఇటాలియన్ల చేతుల్లో అది పెద్ద పరిశ్రమైంది.

కనీసం ఏడాది మగ్గింది ఫీనే, రెండేళ్లు మగ్గింది సుపీరియోరే, అయిదేళ్లు మగ్గింది వెర్జీనే. తీపిని బట్టి సెక్కో, సెమీసెక్కో, దోల్చే అని మూడు రకాలు. ఈ మూడు మాటలూ వంటవాడు సీసా మీద చదివి తీరాలి. మాంసానికి సెక్కో, తీపి వంటకానికి దోల్చే. తారుమారు చేస్తే వంట చెడుతుంది.

స్కాలొప్పీనే అల్ మార్సాలా అనే ఇటాలియన్ వంటకం ఈ వైన్ పనితనాన్ని చూపడానికి చక్కని ఉదాహరణ. లేత దూడమాంసాన్ని పలుచగా కోసి, ఇంకా పలుచన అయ్యేలా కొట్టి, మైదా అద్ది, వెన్నలో రెండు పక్కలా ఎర్రగా కాలుస్తారు. ముక్కలు తీసి పక్కన పెట్టి, అదే పెనంలో సెక్కో మార్సాలా పోస్తారు. అడుగున అంటుకున్న ఎర్రటి పొర వైన్‌లో కరుగుతుంది, ముక్కల నుంచి రాలిన మైదా చిక్కదనమిస్తుంది. సగానికి ఇగిరాక ముక్కలను తిరిగి వేసి, చివర చల్లటి వెన్న ముక్క తిప్పితే నిగనిగలాడే సాస్ వస్తుంది. మొత్తం పది నిమిషాల పని. దూడమాంసం బదులు కోడిమాంసం, పుట్టగొడుగులు వేసిన చికెన్ మార్సాలా అమెరికాలోని చాలా ఇటాలియన్ హోటళ్లలో ఉంటుంది. అక్కడి తెలుగు కుటుంబాలు ఫోర్టిఫైడ్ వైన్ వంటను మొదట రుచి చూసేది ఈ పళ్లెంలోనే కావచ్చు.

జబల్యోనె ఇంకా పాత వంటకం, ఇంకా సున్నితమైనది. పచ్చసొన, చక్కెర, మార్సాలా, అంతే. పాత కొలత గుడ్డు పెంకే: ఒక్కో సొనకు సగం పెంకు చక్కెర, సగం పెంకు మార్సాలా. ముందు సొన, చక్కెర తెల్లబడేదాకా గిలకొట్టాలి. తర్వాత వైన్ పోసి, నీళ్లు సన్నగా కాగుతున్న గిన్నె మీద ఆ పాత్ర పెట్టి, చేయి ఆపకుండా గిలకొడుతూ ఉండాలి. అడుగు నీళ్లకు తగలకూడదు, నీళ్లు తెర్లకూడదు. వేడి కాస్త మించితే సొన విరిగి ముద్దలు కడుతుంది. సరిగ్గా వస్తే మూడింతలు పొంగి నురుగులా, గోరువెచ్చగా నిలుస్తుంది. సిసిలీ కన్నోలీకి చేసే పిండిలో కూడా మార్సాలా కలుపుతారు. కజ్జికాయ పొరలా నూనెలో వేగుతూ ఆ పిండి బుడగలు బుడగలుగా పొంగి కరకరలాడుతుంది.

వంటింటి పేరే మార్సాలాకు చేటు తెచ్చింది. గుడ్డు, కాఫీ కలిపిన చౌక రకాలు 20వ శతాబ్దంలో మార్కెట్‌ను ముంచెత్తాయి. 1984లో నిబంధనలు బిగించి అలాంటివాటిని మార్సాలా పేరుతో అమ్మడం ఆపించారు. పదేళ్లు మగ్గిన వెర్జీనేను బాదంపప్పుతో తాగి చూసినవారు దాన్ని సాస్‌లో పోయడానికి మనసొప్పుకోరు.

తక్కిన సీసాలు

మదీరా సాస్ ఫ్రెంచ్ పాకశాస్త్రానికి మూలస్తంభాల్లో ఒకటి. ఎముకల రసాన్ని గంటలకొద్దీ ఇగరబెట్టి చేసిన చిక్కటి గోధుమరంగు సాస్‌లో, పొయ్యి మీంచి దించాక మదీరా కలుపుతారు. మళ్లీ మరగనివ్వరు, మరిగితే పైపై వాసన కొంత ఎగిరిపోతుంది. కోడి కాలేయపు పేట్‌లో, పుట్టగొడుగుల్లో, ఎద్దుమాంసపు వంటకాల్లో ఇది కనిపిస్తుంది. అయితే మదీరా కేక్‌లో చుక్క మదీరా ఉండదు. ఇంగ్లండ్‌లో ఆ వైన్‌తో పాటు తినే కేక్ కనుక ఆ పేరు పడింది.

షెర్రీతో స్పెయిన్ దక్షిణాన ఆందలూసియా ఇళ్లలో మూత్రపిండాల వేపుడు చేస్తారు. పుట్టగొడుగుల్ని వెల్లుల్లితో వేయించి ఫీనో చిలకరిస్తారు. ఇంగ్లండ్‌లో ట్రైఫిల్ అనే తీపి వంటకానికి కేక్ ముక్కల్ని తీపి షెర్రీలో నానబెడతారు. అమెరికాలో చార్ల్‌స్టన్ ఊరి ఆడపీతల సూప్‌కు షెర్రీ లేనిదే పేరు లేదు. చైనా వంటలకు వాడే షావోషింగ్ బియ్యపు వైన్ దొరకనిచోట చాలా వంటపుస్తకాలు సూచించే ప్రత్యామ్నాయం తీపి లేని షెర్రీ. మూలం బియ్యమా ద్రాక్షా అన్న తేడా ఉన్నా, గాలి తగిలి పాతబడ్డ వాసన రెండింటికీ ఉమ్మడి.

పోర్ట్‌లో తీపి ఎక్కువ కనుక ఇగరబెట్టేటప్పుడు కళ్లు పెట్టుకుని ఉండాలి. సగానికి ఇగిరేసరికి చక్కెర రెట్టింపు చిక్కబడుతుంది. లేతపాకం దశ దాటితే చల్లారాక సాస్ జిగురుగా తయారవుతుంది, ఇంకా ముదిరితే చేదెక్కుతుంది. బాతుమాంసం, కాలేయం వంటి బలమైన రుచులకు రూబీ పోర్ట్ సాస్ కుదురుతుంది. ఎర్ర కరెంట్ పళ్ల జెల్లీ, నారింజ, పోర్ట్ కలిపి చల్లగా వడ్డించే కంబర్లాండ్ సాస్ పందిమాంసానికి జోడు. ఒలిచిన బేరిపళ్లను పోర్ట్‌లో, దాల్చినచెక్కతో ఉడికిస్తే తీపి విందుకు అంతకన్నా ఆడంబరం అక్కర్లేదు. వింటేజ్ పోర్ట్‌ను వంటలో పోయడం మాత్రం డబ్బునూ దశాబ్దాల శ్రమనూ వృథా చేయడమే.

వెర్మూత్ పేరు జర్మన్‌లో వర్మ్‌వుడ్ మొక్క పేరు నుంచి వచ్చింది. వినాయక చవితి పత్రిలో పెట్టే మాచిపత్రికి అది దగ్గరి బంధువు, రెండూ ఆర్టిమిసియా జాతి మొక్కలే. 1786లో ఇటలీలోని టురిన్‌లో ఆంటోనియో బెనెడెట్టో కార్పానో నేటి తీపి వెర్మూత్‌కు రూపమిచ్చాడు. తీపి లేని ఫ్రెంచ్ వెర్మూత్ చేపల సాస్‌లకు ప్రాణం. ఫ్రాన్స్‌లోని రోవాన్ పట్టణంలో వంటగాళ్లైన త్రువాగ్రో సోదరులు 1960ల్లో పేరు తెచ్చిన సాల్మన్ వంటకం సాస్‌లో వెర్మూత్, మీగడ, సోరెల్ ఆకు ఉంటాయి. సోరెల్ మన చుక్కకూర జాతిదే, పులుపూ ఆ రకమే. మంచి తెల్ల వైన్ చేతిలో లేనప్పుడు తీపి లేని వెర్మూత్ పోయమని అమెరికా వంటల రచయిత్రి జూలియా చైల్డ్, ఆమె సహరచయిత్రులు 1961 నాటి తమ ఫ్రెంచ్ వంటల పుస్తకంలో సలహా ఇచ్చారు. ఇళ్లలో వండేవారికి అది నేటికీ పనికొచ్చే సలహా. తెరిచిన వెర్మూత్ సీసా ఫ్రిజ్‌లో ఒకటి రెండు నెలలు నిలుస్తుంది.

పొయ్యి దగ్గర

వైన్ పోసిన వంటలో ఉప్పు చివర వేయాలి. ఇగిరేకొద్దీ పులుపూ తీపీ ఉప్పూ అన్నీ చిక్కబడతాయి. ముందే సరిపోయిందనుకున్న ఉప్పు ఆఖరికి ఎక్కువవుతుంది. అమెరికా దుకాణాల్లో ‘కుకింగ్ షెర్రీ’, ‘కుకింగ్ మార్సాలా’ అని దొరికేవాటిలో ఎవరూ తాగకుండా ముందే ఉప్పు కలిపి ఉంటుంది. వాటితో ఈ లెక్క పూర్తిగా తప్పుతుంది, పైగా ఆ వైన్ నాణ్యతా తక్కువే. అవి కొనకపోవడమే మంచిది. తాగడానికి పనికిరానిది వంటకూ పనికిరాదు. అలాగని ఖరీదైనదీ అక్కర్లేదు. మధ్యరకం చాలు.

వేడెక్కిన పెనంలో 20 శాతం మద్యం ఉన్న వైన్ పోస్తే ఆవిరికి నిప్పంటుకోవచ్చు. సీసా నుంచి నేరుగా పోయకూడదు. కావలసినంత గిన్నెలోకి వంచుకుని, పెనాన్ని మంట మీంచి తప్పించి పోసి, తిరిగి పొయ్యి మీద పెట్టాలి.

వండితే మద్యం అంతా ఎగిరిపోతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. అది నిజం కాదు. మద్యం 78 డిగ్రీలకే మరుగుతుంది గానీ, నీటితో కలిసిపోయినప్పుడు పూర్తిగా విడిపోదు. అమెరికా వ్యవసాయ శాఖ వాడే పట్టికకు ఆధారమైన 1992 నాటి పరిశోధన ప్రకారం, మరిగే ద్రవంలో పోసి వెంటనే దించితే 85 శాతం మద్యం మిగులుతుంది. మంట రగిలించి ఆర్పితే 75 శాతం మిగులుతుంది. కలుపుతూ ఉడికించినప్పుడు 15 నిమిషాలకు 40, అరగంటకు 35, గంటకు 25, రెండు గంటలకు 10, రెండున్నర గంటలకు 5 శాతం నిలిచే ఉంటుంది. ఈ లెక్కన జబల్యోనెలోనూ, దించాక కలిపే మదీరా సాస్‌లోనూ మద్యంలో ఎక్కువ భాగం అలాగే ఉంటుంది. నానబెట్టడమే తప్ప పొయ్యి ఎక్కని ట్రైఫిల్ సంగతి చెప్పనవసరం లేదు.

దేనితో ఏది

ఇంగ్లండ్‌లో క్రిస్మస్ రోజుల్లో భోజనం చివర స్టిల్టన్ అనే నీలిచారల జున్ను, పోర్ట్ కలిపి వడ్డించడం స్థిరపడిన ఆచారం. జున్నులోని ఉప్పు పోర్ట్ తీపిని ఎత్తి చూపుతుంది, పోర్ట్ తీపి జున్ను ఘాటును దించుతుంది, జున్నులోని కొవ్వు సారాయి మంటను నాలుక మీద పడనివ్వదు. బెల్లం ఆవకాయ తిన్న నాలుకకు ఈ సూత్రం కొత్తది కాదు.

తీపి పదార్థాలకు జోడు కుదర్చడంలో ఒకే నియమం గట్టిది: వంటకం కన్నా వైన్ తియ్యగా ఉండాలి. మిఠాయి తిన్నాక టీ తాగితే చక్కెర వేయనట్టు చప్పగా ఉంటుంది, వైన్ గతీ అంతే. మామూలు వైన్‌ను పక్కకు నెట్టేసే చాక్లెట్ ముందు బన్యూల్స్ నిలబడుతుంది, దాని తీపి, వగరు, ఎండిన పండ్ల వాసన చాక్లెట్ చేదుతో కలుస్తాయి. క్రీమ్ కారమెల్‌కు, అక్రోటు వేసిన కేక్‌కు టానీ పోర్ట్. వనిల్లా ఐస్‌క్రీమ్ మీద పేద్రో హిమేనెస్ వైన్‌నే పాకంలా పోసి తింటారు. ఫ్రాన్స్ దక్షిణాన ప్రోవాన్స్‌లో కవయ్యోన్ ఖర్బూజాను సగానికి కోసి, గింజలు తీసిన గుంటలో బోమ్ ద వెనీస్ మస్కట్ వైన్ పోసి చల్లగా ఇస్తారు. వేసవి విందుకు అంతకు మించిన మొదలు అరుదు.

తీపి లేని షెర్రీలకు మాత్రం ఈ నియమంతో పని లేదు. హెరెస్ ప్రాంతంలో ఈదే జీవాలకు ఫీనో, ఎగిరే జీవాలకు అమాంతియాడో, పరిగెత్తే జీవాలకు ఒలరోసో అని ఒక నానుడి ఉంది. తేలికగా గుర్తుండేదే అయినా అది గాలిమాట కాదు. చల్లటి ఫీనోలో వగరు లేదు, పులుపు తక్కువ, తీపి అసలే లేదు. ఆలివ్‌లు, ఉప్పు బాదం, వేయించిన చేపలు, రొయ్యల పక్కన అది ప్రతి గుటకకూ నోరు కడిగినట్టు చేస్తుంది. సాన్‌లూకర్‌లో ఊరి రొయ్యలకు, ఫీనో లాంటిదే అయిన ఊరి మాన్సనియానే తోడు. మామూలు వైన్‌ను చేదు చేసే ఆస్పరాగస్, ఆర్టిచోక్ కూడా అమాంతియాడోతో సర్దుకుంటాయి. సూప్‌తో వైన్ కుదరదంటారు గానీ, ద్రవం మీద ద్రవం పోయడం వృథా కాకుండా చూడగలిగేవి అమాంతియాడో, తీపి తక్కువ మదీరాలే. 1987 నాటి ‘బాబెట్స్ ఫీస్ట్’ సినిమా విందులో తాబేలు సూప్‌తో వచ్చేది అమాంతియాడోనే. ఒలరోసో ఎద్దుతోక కూరకు సాటి. కూరలో పోసిన వైన్‌నే గ్లాసులోనూ పోస్తే రెండు రుచులూ ఒకదాన్నొకటి పట్టుకుంటాయి.

కారం దగ్గర ఈ పద్ధతులన్నీ ఆగిపోతాయి. మిరపకారం మంటను మద్యం తగ్గించదు, పెంచుతుంది. 20 శాతం మద్యం గుంటూరు మిరపకాయ కూర పక్కన నోటికి శిక్షే. విదేశాల్లో తెలుగు విందుకు ఈ వైన్‌లు పెట్టాలనుకునేవారు కూరల్ని వదిలేసి చివరి పదార్థాల వైపు చూడాలి. అరిసెలు, బొబ్బట్లలోని బెల్లం వాసన టానీ పోర్ట్‌లోనూ, బువాల్ రకం మదీరాలోనూ ఉన్న పాకపు వాసనకు దగ్గరది. ఇది ఆచారం కాదు, రుచి తర్కం మీద నిలిచే సూచన మాత్రమే.

ఇండియా వంటలో పోర్చుగీసు వైన్ వంట వదిలిన గుర్తు ఒకటి మాత్రం ప్రపంచమంతా తెలిసింది. మాంసాన్ని వైన్‌లోనో వైన్ వెనిగర్‌లోనో వెల్లుల్లితో ఊరబెట్టి వండే ‘కార్నె ద వీన్యా దాల్యోస్’ పోర్చుగల్‌లోనూ, మదీరా దీవిలోనూ పండగ వంట. గోవాలో వైన్ స్థానంలో కల్లు వెనిగర్ వచ్చింది, మిరపకాయ చేరింది, పేరు విందాలూ అయింది. వెల్లుల్లి అని అర్థమిచ్చే ‘ఆల్యో’ను ఆలూ అనుకుని హోటళ్లవారు అందులో బంగాళదుంపలు వేయడం తర్వాతి కథ.

నిల్వ, వడ్డన

ఫీనోను ఫ్రిజ్‌లో పెట్టి తెరిచిన వారంలో ముగించాలి. రూబీ పోర్ట్ రెండు మూడు వారాలు, టానీ ఒకటి రెండు నెలలు ఆగుతాయి. వింటేజ్ పోర్ట్‌కు తెరిచాక రెండు మూడు రోజులే ఆయువు. సీసా అడుగున మడ్డి ఉంటుంది కాబట్టి ముందే తేర్చుకోవాలి. మదీరా నెలల తరబడి చెక్కుచెదరదు. వంటకు ఎప్పుడో ఒకసారి నాలుగు చెంచాలు వాడే ఇంట్లో ఒక్క సీసాయే ఉంచుకోగలిగితే అది తీపి తక్కువ మదీరాయే కావాలి. గ్లాసుకు 75 మిల్లీలీటర్లు చాలు. మామూలు వైన్ గ్లాసు నిండా పోసేది కాదు ఇది.

మతం వల్లనో, మందుల వల్లనో, గర్భం వల్లనో, ఒకప్పటి వ్యసనం నుంచి బయటపడినందువల్లనో చుక్క మద్యం ముట్టనివారు మన విందుల్లో ఎప్పుడూ ఉంటారు. గంట ఉడికినా నాలుగో వంతు మిగులుతుందని తెలిశాక ‘వండితే పోతుందిలే’ అని ఊరుకోవడం తప్పు. వంటలో ఈ వైన్ పోసినవారు పళ్లెం ముందు పెట్టేలోపే ఆ సంగతి అతిథికి నోరు తెరిచి చెప్పాలి, వారికోసం అది పోయని గిన్నె ఒకటి విడిగా ఉంచాలి.